వేంపల్లె వంకలో రాతి ఎర్రగడ్డలు

"ఏం సార్, రెండు దినాలనుంచి ఈ బండకాడనే ఉండారు. దీంట్లో బంగారం గింగారం ఏమన్నా ఉండాదా?"

వంక గట్టున తుమ్మచెట్టు నీడలో కూర్చున్న రైతు వేసిన ప్రశ్న ఇది. డెబ్బై ఏళ్లు పైబడిన మనిషి. బండ ఆయన చేని హద్దులోదే. వచ్చే నెలలో యంత్రం పెట్టి పగలగొట్టించి, ఆ రాయిని కొడుకు కడుతున్న ఇంటి పునాదికి తోలించాలని ఇంట్లో నిర్ణయమైపోయింది. బండ అడ్డం తొలగితే అరెకరా దాకా చదును చేసుకోవచ్చు. ఆయన బండ, ఆయన చేను. కాదనేవారెవరు?

బండమీద మోకాళ్లూని టేపు పట్టుకున్న మాస్టారు తల ఎత్తారు. "బంగారం లేదు పెద్దాయనా. ఉంటే మమ్మల్ని ఇంత దగ్గరికి రానిస్తారా?" అన్నారు. నలుగురు విద్యార్థులూ నవ్వారు. రైతు కూడా నవ్వాడు గాని, ఆ జవాబుతో ఆయనకు తృప్తి కలిగినట్టు లేదు. బంగారం లేని బండను ఇంతమంది ఎండలో కూర్చుని అంగుళం అంగుళం కొలవడమేమిటి?

వేంపల్లెకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఆ వంకకు వెళ్లేసరికి ఈ విలేకరికీ అదే సందేహం కలిగింది. భూగర్భ శాస్త్రం బోధించి రిటైరైన ఆ మాస్టారు తన పేరు పత్రికలో వద్దన్నారు. "రాయి సంగతి రాయండి చాలు" అన్నారు. అదే రాస్తున్నాం.

పగడం కాదు

బండ పైముఖం వాననీటికి అరిగి నున్నబడింది. దానిమీద గుండ్రటి గీతలు, వలయంలో వలయం. ఎర్రగడ్డను అడ్డంగా కోసి చెక్కమీద పెట్టినట్టే ఉంటాయి. కొన్ని అరచేతంత, కొన్ని అన్నం పళ్లెమంత. బండ పక్కనుంచి, విరిగిన అంచున చూస్తే మరో రూపం కనిపిస్తుంది. గిన్నెలు బోర్లించి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు సన్నని పొరలు పైకి ఉబ్బి ఉన్నాయి.

ఇలాంటి రాయి చూపిస్తే చదువుకున్నవారు సైతం "పగడపు రాయి" అనేస్తారు. సముద్రంలో పగడపు దిబ్బలుంటాయని, అవి రాయిగా మారతాయని బడిలో చదువుకున్నాం కాబట్టి ఆ పొరపాటు సహజమే. జట్టులోని ఒక అమ్మాయి కూడా మొదటిరోజు తన పుస్తకంలో "పగడం" అనే రాసుకుందట. మాస్టారు ఆ మాట కొట్టివేయలేదు. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం చేతికిచ్చి, "బండి చక్రానికి ఆకులున్నట్టు, నడుమనుంచి అంచుకు పోయే గోడలు కనిపిస్తే పగడమే. వెతుకు" అన్నారు. ఆ అమ్మాయి గంటసేపు వెతికింది. ఒక్క గోడా కనిపించలేదు. పొరలే పొరలు.

పగడం ఒక జంతువు. మెత్తని శరీరం, చుట్టూ తాను కట్టుకున్న సున్నపు గూడు. గూటిలో నిలువు గోడలు ఉంటాయి. ఆ ప్రాణి చచ్చి కోట్ల ఏళ్లు గడిచినా ఆ గోడల గుర్తులు రాతిలో మిగులుతాయి. వేంపల్లె రాతిలో గూళ్లు లేవు, గోడలు లేవు. ఉండే అవకాశమే లేదు. భూమిమీద పగడాలు పుట్టి సుమారు 50 కోట్ల ఏళ్లే అయింది. ఈ రాయి వయసు దానికి మూడు రెట్లు పైనే.

వయసు ఎలా తెలిసిందని అడగవచ్చు. పులివెందుల ప్రాంతంలో, ఈ వేంపల్లె పొరలకు పైనున్న పొరల నడుమకు ఒకనాడు భూగర్భంనుంచి కరిగిన రాయి చొచ్చుకువచ్చి నల్లరాయిగా గడ్డకట్టింది. అందులోని ఖనిజాలను పరీక్షించగా దాని వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలని తేలింది. చొచ్చుకువచ్చింది చుట్టం, పొరలు ఇంటివారు. ఇంటివారు ముందునుంచీ ఉంటేనే కదా చుట్టం వచ్చేది! ఆ ఇంటికి పునాదిలాగా అడుగున ఉన్నవి వేంపల్లె పొరలు. కనుక అవి ఇంకా పాతవి.

నాచు కట్టిన గోపురాలు

మరి ఈ ఎర్రగడ్డలను కట్టిందెవరు? చెరువు గట్టున, బావి మెట్లమీద జారే జిగురు నాచు అందరికీ తెలుసు. దానికి దూరపు పూర్వీకులైన సూక్ష్మజీవులు. వాటినే నీలి ఆకుపచ్చ నాచు అంటారు. అప్పట్లో ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున ఈ నాచు తివాచీలా పరుచుకునేది. అలలు తెచ్చిన సున్నపు బురద ఆ జిగురుకు అంటుకుని నాచును కప్పేసేది. ఎండపొడ తగలనిదే బతకలేని నాచు ఆ బురదను దాటి పైకి వచ్చి మళ్లీ పరుచుకునేది. మళ్లీ బురద, మళ్లీ నాచు. ఇలా పొరమీద పొర పడి ఉబ్బెత్తు గోపురాలయ్యాయి. శాస్త్రజ్ఞులు వీటిని స్ట్రోమాటొలైట్లు అంటారు.

ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే అనే చోట ఇవి నేటికీ సజీవంగా పెరుగుతున్నాయి. అక్కడి నీళ్లు మామూలు సముద్రం కంటే రెట్టింపు ఉప్పన. నాచును మేసే నత్తలు అక్కడ బతకలేవు, అందుకే నాచు బతికింది. అవి ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు. ఆ లెక్కే ఇక్కడా వర్తిస్తుందనుకుంటే, ఈ వంకలోని మోకాలెత్తు గోపురం పెరగడానికి వెయ్యేళ్లు పట్టి ఉండాలి.

ఇంకొక్క మాట. భూమి పుట్టిన తొలినాళ్లలో గాలిలో మనం పీల్చే ప్రాణవాయువు దాదాపు లేదు. ఎండను తిని ప్రాణవాయువును వదిలింది ఇలాంటి నాచే. ఆ మాట చెప్పినప్పుడు రైతు బండవంక కొంచెంసేపు చూసి, "అయితే మా తాతల తాతలకు తాత" అన్నాడు.

పగడాల కోసమే పోవాలంటే తమిళనాడులోని అరియలూరు వైపు వెళ్లాలి. అక్కడి సున్నపురాతి పొరల్లోని పగడాలను ఫెర్డినాండ్ స్టొలిజ్కా అనే శాస్త్రజ్ఞుడు వర్ణించి 1873లో ప్రకటించాడు. పగడానికి ఒక విశేషముంది. అది తన గూటిమీద రోజుకొక సన్నని గీత చొప్పున గీస్తుంది. జాన్ వెల్స్ అనే అమెరికన్ దాదాపు 40 కోట్ల ఏళ్లనాటి పగడాలమీద ఆ గీతలు లెక్కపెట్టి, ఆ రోజుల్లో ఏడాదికి 400 రోజులుండేవని 1963లో వెల్లడించాడు. అంటే భూమి అప్పుడు వేగంగా తిరిగేదన్నమాట! వేంపల్లె నాచు ఇంత నిక్కచ్చి లెక్క రాసిపెట్టలేదు. దాని లెక్క మనమే రాయాలి.

పుస్తకంలోకి ఎక్కేదెలా

ఆ లెక్క రాయడం చూడవలసిన పని. సుత్తితో రాయి పగలగొట్టి సంచిలో వేసుకుపోవడమే భూగర్భ శాస్త్రమనుకునేవారు ఈ జట్టును చూస్తే ఆశ్చర్యపోతారు. మొదటిరోజంతా సుత్తి సంచిలోంచి బయటికి రాలేదు.

ముందుగా బండ ఎటు వాలిందో చూశారు. మన కంటికి చదునుగానే కనిపిస్తుంది. మాస్టారు సీసాలోని నీళ్లు కొంచెం పొరమీద పోశారు. నీరు ఒక దారిన పారింది. ఆ దారికి దిక్సూచి పెట్టి చూస్తే ఈశాన్యం. వాలు పదిహేను డిగ్రీలు. రెండూ పుస్తకంలోకి ఎక్కాయి.

తర్వాత పొరల కొలత. ఇల్లు కట్టేటప్పుడు పునాది ముందు, కప్పు తర్వాత. పొరలు పడిందీ అంతే గనుక కొలత కూడా కిందినుంచి పైకే. ఒకరు టేపు పట్టి అరుస్తుంటే ఇంకొకరు రాశారు. బూడిదరంగు రాయి, నలభై సెంటీమీటర్లు. దానిపైన ఎర్రటి పెళుసు పలక, జానెడు. దానిమీద అలల గుర్తులు, వాటిపక్కనే ఎండిన చెరువు అడుగులా నెర్రెలు. అంటే ఆ సముద్రం అప్పుడప్పుడు ఇంకిపోయి నేల బయటపడేదని అర్థం. ఆపైన మన ఎర్రగడ్డల పొర. ప్రతి పొరకూ పుస్తకంలో ఒక గడి. గడి ఎత్తు పొర మందాన్నిబట్టి.

రాయి రకం తేల్చడానికి చిన్న సీసాలో నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెచ్చారు. చుక్క వేస్తే అసలు సున్నపురాయి సోడా పొంగినట్టు బుసబుసమంటుంది. ఈ బండమీద చుక్క పడ్డా చప్పుడు లేదు. చాకుతో గీకి, రాలిన పొడిమీద వేస్తే అప్పుడు నెమ్మదిగా బుడగలొచ్చాయి. సున్నంతోపాటు మెగ్నీషియం కలిసిన రాయి అది, డోలమైట్. మన జిల్లాలో ఇళ్ల ముందు పరిచే నాపరాళ్లది వేరే జాతి. నార్జి పొరల సున్నపురాయి అది, వేంపల్లె రాతికంటే చాలా చిన్నది. బెలుం గుహలు ఏర్పడింది కూడా ఆ నార్జి రాతిలోనే.

ఫొటో తీసేముందు గోపురం పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టారు. పక్కన కొలత లేని ఫొటోలో గుమ్మడికాయకూ గోలీకాయకూ తేడా తెలియదన్నది మాస్టారి మాట. రెండోరోజు సాయంత్రం సుత్తి బయటికి వచ్చింది. నాలుగే నాలుగు ముక్కలు తీశారు. తీయకముందే ఒక్కొక్కదానిమీద అంకె వేసి, పై వైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు గీశారు. ఆ బాణమెందుకో అప్పుడు అర్థం కాలేదు.

మన ఊళ్ల పేర్లు

ఈ పని మన జిల్లాకు కొత్త కాదు. విలియం కింగ్ అనే దొర భారత భూగర్భ సర్వే శాఖ తరఫున ఈ కొండలన్నీ తిరిగి 1872లో పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. ఏ పొర ఏ ఊరిదగ్గర బాగా కనిపించిందో ఆ ఊరి పేరే దానికి పెట్టడం శాస్త్రజ్ఞుల ఆనవాయితీ. అలా గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, నార్జి రాతిపొరల పేర్లయ్యాయి. మన పాపాఘ్ని ఏకంగా ఒక పొరల కుటుంబానికి పేరైంది. ఏ దేశంలో కూర్చుని ఈ రాళ్లగురించి రాసినా ఆ పేర్లతోనే రాయాలి. ఇంగ్లీషువారి నోట గువ్వలచెరువు "గుల్చేరు" అయిపోయింది, అదొక్కటే లోటు.

వేంపల్లె పొరల మొత్తం మందం వెయ్యి మీటర్లు దాటుతుంది. తుమ్మలపల్లెలో యురేనియం దొరికిందీ ఈ పొరల్లోనే. అది ఎక్కడపడితే అక్కడ లేదు. కొన్ని నిర్ణీత పొరల్లోనే ఉంది. పొరల వరస ఎరిగినవాడికే అది ఏ దిక్కున ఎంత లోతుకు దిగిందో చెప్పడం సాధ్యం. రాజస్థాన్‌లో భోజుండ, ఝామరకోట్రా అనే చోట్ల ఉన్న ఇలాంటి నాచురాళ్లను భూగర్భ సర్వే శాఖ జాతీయ భూవారసత్వ స్థలాలుగా ప్రకటించింది. మన పాత ఉమ్మడి జిల్లాలో మంగంపేట ముగ్గురాయికి ఆ గౌరవం దక్కింది. వంకలోని ఎర్రగడ్డలకు కంచె లేదు, బోర్డు లేదు. నిజానికి ప్రతి వంకకూ కంచె వేయడం ఎవరితరం? పగిలేలోగా రాసిపెట్టుకోవడమే కుదిరే పని.

బట్టలుతికే బండ

రెండోరోజు మధ్యాహ్నం రైతు అందర్నీ మజ్జిగకు ఇంటికి పిలిచాడు. పెరట్లో తొట్టి పక్కన బట్టలుతికే బండ ఉంది. కాళ్లు కడుక్కోబోయిన అమ్మాయి బండ అంచు చూసి ఆగిపోయింది. ఎర్రగడ్డ పొరలే! కాని గిన్నెలు బోర్లించినట్టు లేవు, వెల్లకిలా పెట్టినట్టున్నాయి.

మాస్టారు వంగి చూశారు. "తలకిందులుగా పరిచారు" అన్నారు. నాచు ఎప్పుడూ వెలుతురు వైపే పెరుగుతుంది గనుక ఉబ్బు ఎటుంటే అటే పై వైపు. నున్నటి అడుగు ముఖం ఉతకడానికి బాగుంటుందని పైకి పెట్టారన్నమాట. అప్పుడు అర్థమైంది బాణం గుర్తు దేనికో. ఊడివచ్చిన రాయికి పైదో కిందదో గుర్తుండకపోతే చరిత్ర తిరగబడుతుంది.

"బాగుంది గాని పెద్దాయనా, యాడిదో తెలియని రాయి మాకు పనికిరాదు. ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటిది" అన్నారు మాస్టారు.

"తెలియకేం సార్? బావిలోది" అన్నాడు రైతు. "మా పెద్దోడు పుట్టిన ఏడు తవ్విస్తిమి. ఏడో మట్టులో తగిలె ఇది."

మట్టు అంటే నిలువెత్తు మనిషి లోతు, ఇంచుమించు ఆరడుగులు. మాస్టారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. పుస్తకం తెరిచారు. మొదటి మట్టునుంచి చెప్పమన్నారు.

రైతు కళ్లు మూసుకుని చెప్పుకొచ్చాడు. రెండు మట్లు ఎర్రమన్ను, సుద్ద. ఆ తర్వాత ఎర్రపలక, గడ్డపారకు పెళ్లలు పెళ్లలుగా లేచేది. అయిదో మట్టులో జానెడు నల్ల చెకుముకి రాయి. ఆ ఒక్క జానెడుకు వారం పట్టింది, రెండు గడ్డపారలు మొనలు పోయాయి, వడ్డెర మేస్త్రీ కూలి పెంచమని పట్టుబట్టాడు. దాని కింద బూడిదరాయి. ఏడో మట్టులో ఈ బండ. తొమ్మిదో మట్టులో నీళ్లు. ఒక్కచోటైనా తడుముకోలేదు. డబ్బు ఖర్చయిన చోటు మనిషి మరిచిపోతాడా?

వంక దగ్గర ఎర్రగడ్డల పొర పైనున్నదంతా మట్టి, కంపచెట్లు కప్పేశాయి. పుస్తకంలో ఆ గడులు ఖాళీగా ఉండిపోయాయి. ఆ ఖాళీని నింపేది ఈ బావే. అందరూ బావిదగ్గరికి నడిచారు. బండనుంచి ఈశాన్యంగా టేపు పట్టితే నలభైఅయిదు మీటర్లు. నేల ఇంచుమించు ఒకే ఎత్తు. పదిహేను డిగ్రీల వాలున్న పొర ప్రతి వంద మీటర్లకూ సుమారు ఇరవైఏడు మీటర్లు కిందికి దిగుతుంది. ఆ లెక్కన నలభైఅయిదు మీటర్లకు పన్నెండు మీటర్లు, అంటే నలభై అడుగులు. ఏడో మట్టు ముప్ఫైఆరు అడుగులకూ నలభైరెండు అడుగులకూ నడుమ. లెక్క కుదిరింది! విద్యార్థులు కేరింతలు కొట్టారు. రైతుకు మాత్రం ఇందులో వింతేమిటో తెలియలేదు. తవ్వించిన తనకు తెలియదా?

బోర్లు వచ్చాక ఆ బావి ఎండింది. సగందాకా కంపా చెత్తా నిండింది. పైనుంచి టార్చిలైటు వేస్తే నల్లటి చెకుముకి పట్టీ ఒక్కటి కనిపించింది. దాన్ని పుస్తకంలో నిండు గీతతో గీశారు. దానికింద రైతు చెప్పిన పొరలను చుక్కల గీతతో గీశారు. కంటితో చూసినదీ చెవితో విన్నదీ కలిసిపోకూడదట.

మన పల్లెల్లో ఇలాంటి బావులు ఒక్కొక్కటే పూడ్చేస్తున్నారు. తవ్వించినవారు, తవ్విన వడ్డెరలు పెద్దవారైపోయారు. బోరు వేస్తే పైకి వచ్చేది పొడి, పొర కాదు. ఇంట్లో పెద్దలుంటే బావిలో ఏ మట్టుకు ఏ రాయి తగిలిందో అడిగి పిల్లల చేత ఒక కాగితంమీద రాయించి పెట్టవచ్చు. చేనిలో ఎర్రగడ్డ రాయి కనిపిస్తే ఊడదీయకముందే పక్కన బిళ్ల పెట్టి సెల్‌ఫోనులో ఫొటో తీయవచ్చు, ఎవరి చేను, ఏ మూల అని రాసుకోవచ్చు. ఈ పనికి చదువు అక్కరలేదు, ఖర్చూ లేదు.

పొద్దువాలుతుండగా జట్టు సామాను సర్దుకుంది. బయలుదేరేముందు మాస్టారు ఉతికే బండను ఒకసారి తిరగేసి పెడితే ఫొటో బాగా వస్తుందని నసిగారు. రైతు భార్య ఒప్పుకోలేదు. "ఉబ్బుమీద బట్టలెట్లా ఉతకాల సార్? ముప్పైఏండ్లుగా అట్లనే ఉండాది, ఉండనీండి" అంది. ఆమె మాటా నిజమే. ఆ అమ్మాయి తెల్లరంగు తెచ్చి బండ అంచున అయిదో నంబరు వేసి, పై వైపు చూపే బాణం గీసింది. బాణం మొన నేలలోకి ఉంది.